గురువారం మధ్యాహ్నం కేక

"కింద బడిలో పిల్లలు నిన్న మళ్లీ అరిచారటమ్మాయ్. పై అంతస్తు పెద్దాయనకి నిద్రే లేదట" అని అత్తగారు అన్నప్పుడు ఆమె మంచం మీద కూర్చుని సాక్సులు జతలు కలుపుతోంది. చేతిలో ఉన్న నల్ల సాక్సుకి నీలం దాన్ని జత చేసి చుట్టేసింది.

"ఎప్పుడత్తయ్యా?" అంది, గొంతు మామూలుగా ఉండేలా చూసుకుంటూ.

"మధ్యాహ్నం. మేం కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాం చూడూ, అప్పుడు. నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా, వినబడలేదూ?"

"బాత్రూంలో ఉన్నానేమో."

"పీక కోస్తున్నట్టు అరిచారట. మీ మామయ్యగారు ఈసారి ఊరుకునేలా లేరు. ఆదివారం సాయంత్రం మనింట్లోనే మీటింగు. ఆ గది ఖాళీ చేయించేదాకా నిద్రపోనంటున్నారు."

అత్తగారు కళ్లజోడు తుడుచుకుంటూ వెళ్లిపోయారు. ఆమె మాత్రం చుట్టిన సాక్సుల ఉండని ఒళ్లో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. నిన్న మధ్యాహ్నం ఆ బడిలో పురుగన్నది లేదు. పిల్లలందరినీ బస్సెక్కించడానికి తీసుకెళ్లారు. తలుపుకి తాళం.

ఆ కేక పెట్టింది తనే.

పెళ్లయి ఇంకా కొత్త వాసన పోలేదు. ఈ ఇంట్లో ఆమెకి అన్నీ ముచ్చటే. బీరువాలో తనకంటూ ఒక అర ఉండటం ముచ్చట. సాయంత్రం తలుపులో అతని తాళంచెవి తిరిగే చప్పుడు వింటే లోపలెక్కడో గిలిగింత. గదిలో అతన్ని 'నువ్వు' అంటుంది. హాల్లోకి రాగానే 'మీరు' అంటుంది. గుమ్మం దాటగానే నాలుక మీద మాట మారిపోవడం దొంగతనంగా మిఠాయి తిన్నంత సరదాగా ఉండేది. ఒక్కోసారి కావాలనే సరిగ్గా గుమ్మంలో నిలబడి "ను... మీ... ను... మీ..." అంటూ అతన్ని హడలగొట్టేది. "అమ్మ వింటుందే పిచ్చిమొహమా" అని అతను నోరు మూసేవాడు. అతని నోట పిచ్చిమొహం అనిపించుకోవడం ఎంత ఇష్టమో. కాలేజీలో బంగారు పతకం అందుకున్న రోజున కూడా అంత పొంగిపోలేదు.

నిన్నటి నుంచి ఆ మాట గుర్తొస్తేనే ఒళ్లు జలదరిస్తోంది.

బడి సంగతికొస్తే, అది వాళ్ల అపార్ట్‌మెంట్ల అడుగున ఉన్న పెద్ద గది. ఒకప్పుడు వ్యాయామం కోసమని కట్టి, మొదటి నెల సరదా తీరాక ఎవరూ మొహం చూడక వదిలేసిన గది. ఆటిజం ఉన్న పిల్లల్ని మామూలు బళ్లు చేర్చుకోవు. చేర్చుకునే ప్రత్యేకమైన బళ్లలో వీళ్లని చేర్పించే తాహతు తల్లిదండ్రులకి లేదు. మెట్లు తుడిచే ఆవిడ, కుట్టుపని చేసే ఆవిడ, వ్యాను నడిపే అతను, ఇలాంటి వాళ్లు నలుగురూ కలిసి, పనిలోంచి రిటైరైన ఒక టీచరమ్మని బతిమాలి తెచ్చుకుని, ఈ గది అడిగి పుచ్చుకుని, బూజులు దులిపి బడి చేశారు. ఎవరికి చేతనైంది వాళ్లు చేస్తారు. కుట్టుపనావిడ దిళ్లు కుట్టింది. వ్యానతను పిల్లల్ని దింపుతాడు.

కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో ఆమె చెత్త పారేయడానికి కిందికి దిగి, ఎవరో కిలకిల నవ్వుతుంటే తలుపులోంచి తొంగి చూసింది. ఒక చిన్నపిల్ల నేలమీద స్టీలు మూత తిప్పుతోంది. అది గిరగిర తిరిగి, వాలి, చప్పుడు చేస్తూ పడిపోగానే పకపక నవ్వి మళ్లీ తిప్పుతోంది. ఆమె కూడా పక్కన చతికిలబడి చెత్తబుట్ట మూత తీసి తిప్పింది. ఆ పిల్ల ఆమె మొహం వైపు చూడలేదు. మూత వైపు చూసి, ఒప్పుకున్నట్టుగా కొంచెం జరిగి చోటిచ్చింది. అంతే, ఆ మర్నాటి నుంచి వంట ముగించుకుని పొద్దుటి పూట అక్కడికే. ఆ పిల్లని అందరూ గిరగిర అనే పిలుస్తారు. వాళ్లమ్మే ఈ మెట్లు తుడిచేది.

"జీతం లేని ఉద్యోగానికి అంత తొందరేంటమ్మా" అనేవారు అత్తగారు, ఆమె గబగబా గిన్నెలు సర్దుతుంటే. ఇంకో రోజు కాస్త దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "అంతంతసేపు ఆ పిల్లల మధ్యన ఉంటే ఏదో ఒకటి అంటుకుంటుంది. రేపు నీ కడుపు పండే వేళకి లేనిపోని భయాలెందుకు చెప్పు" అన్నారు. ఆమె నవ్వేసి ఊరుకుంది. కొత్త కోడలికి నవ్వు పెద్ద సౌకర్యం. ఎక్కడ పెట్టినా అతుకుతుంది.

గురువారం జరిగింది తలుచుకుంటే నిజానికి ఏమీ లేదు. అదే ఆమెని మరీ భయపెడుతోంది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఆ పిల్లలకి కొత్తదేదైనా బెదురే కాబట్టి, మధ్యాహ్నం పూట జనం లేని బస్సు చూసి, ఎక్కడం దిగడం మెల్లగా అలవాటు చేస్తారు. గిరగిర ఎవరి చెయ్యీ పట్టుకోదు, ఆమె చెయ్యి తప్ప. ఆ రోజు ఆ పిల్ల మొదటిసారి బస్సెక్కబోతోందని ఆమె వారం నుంచి గంతులేస్తోంది. తీరా పొద్దున్న అతను బూట్లు వేసుకుంటూ, "మధ్యాహ్నం వాషింగ్ మెషీన్ బాగుచేసేవాడు వస్తాడు. అమ్మావాళ్లు ఉండరు. నువ్వుండు" అన్నాడు. బస్సు సంగతి చెప్పింది. "బస్సెక్కడం కూడా ఒక పనేనా? రేపెక్కుతారులే" అని నవ్వి, చెంప గిల్లి వెళ్లాడు. కిందికి వెళ్లి రాలేనని చెప్పి వచ్చింది. మామగారు బయల్దేరుతూ మెట్ల మీద ఎవరితోనో, "ఇంటికేం భయం లేదండీ, కోడలు పిల్ల ఉందిగా. దానికింకేం పని" అనడం వినబడింది. తర్వాత చేత్తో బట్టలుతికింది. దుప్పట్లు పిండి ఆరేసింది. అతని చొక్కాలు ఇస్త్రీ చేసింది. బెల్లు మోగిందేమోనని నాలుగుసార్లు తలుపు తీసింది. ఎవరూ రాలేదు. చివరికి ఫోను మోగింది. అతనే. "అయ్యో, చెప్పడం మర్చేపోయానే! వాడు రేపొస్తానని పొద్దున్నే చెప్పాడు. పోన్లే, నువ్వెలాగూ ఖాళీగానే ఉన్నావుగా. అన్నట్టు నా టేబుల్ సొరుగులో నీలం ఫైలుందేమో చూసి చెప్పవా... లవ్యూ."

"లవ్యూ" అంది ఆమె కూడా, నవ్వుతూనే. ఫైలుందని చెప్పి ఫోను పెట్టేసింది. వెనక బాల్కనీలోకి వెళ్లి తడి తువ్వాలు తీసి దులిపింది. అంతే. ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎలా వచ్చిందో తెలియదు. పాదాల దగ్గర మొదలై, కడుపులోంచి, ఛాతీలోంచి, గొంతు చీల్చుకుంటూ వచ్చింది. రెండు భవనాల మధ్య గాలి కోసం వదిలిన సందులోకి దూకి, గోడ గోడకీ తగిలి, అడుగునున్న బడి కిటికీ దాకా పోయి మళ్లీ పైకి లేచింది. తన కేక తనకే ఎదురొచ్చేసరికి ఆమె హడలిపోయి తువ్వాలు నోట్లో కుక్కుకుంది. అక్కడే బకెట్ పక్కన కూలబడింది.

ఆ తర్వాత ఇంకో సంగతి జరిగింది. అది ఎవరికీ చెప్పుకునేది కాదు. ఆకలేసింది. శుభ్రంగా, చిన్నప్పుడు ఆడుకుని వచ్చాక వేసేటంత ఆకలి. నిలబడే గిన్నెలోంచి అన్నం తినేసింది. కేకకంటే ఆ ఆకలికే ఎక్కువ భయపడింది. పిచ్చెక్కడం అంటే ఇలాగే మొదలవుతుందా? అత్తగారు అన్నట్టు నిజంగానే అంటుకుందా?

శుక్రవారం సాక్సుల పని అవగొట్టి, బడికి దిగింది. లోపల ఒక పిల్లవాడు చెవులు మూసుకుని గుక్కపట్టి అరుస్తున్నాడు. టీచరమ్మ మోకాళ్ల నొప్పితో మూలుగుతూనే అతనికి కాస్త దూరంలో నేలమీద కూర్చుంది. అక్కడ పిల్లలు అరిస్తే ఎవరూ 'నోర్ముయ్' అనరు, 'ఎందుకేడుస్తున్నావ్' అని కూడా అనరు. ఒకటే ప్రశ్న. అదీ పిల్లల్ని కాదు, ఒకరినొకరు అడుగుతారు: ఏం ఎక్కువైంది? ఫాను చప్పుడా, ఎండా, వాసనా, మనుషులా? ఎక్కువైందేదో దొరికితే తీసేస్తారు. ఆ పూట దొరికింది కొత్త చొక్కా మెడ దగ్గరి గరుకు ముక్క. టీచరమ్మ కత్తెరతో దాన్ని కత్తిరించేసింది. పిల్లవాడు నెమ్మదించి, మెడ తడుముకుని, తినడానికేమైనా ఉందా అన్నట్టు డబ్బాల వైపు నడిచాడు.

"టీచర్, పెద్దవాళ్లు కూడా ఇలా అరుస్తారా?" అంది ఆమె, కత్తెర తిరిగి అలమరాలో పెడుతూ.

"పెద్దవాళ్లకి అరిచే తీరికెక్కడిదే!" అని టీచరమ్మ పకపకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది. "నిన్నటి గొడవ విన్నావా? పైన ఉండే ఇంజినీరుగారు వచ్చి వెళ్లారు. మేం ఊళ్లో బస్సులో ఉన్నాం మహాప్రభో, గదికి తాళం వేసి ఉంది అన్నాను. తప్పు చేశానే పిల్లా. 'ఓహో, అయితే ఎవరినో లోపల పెట్టి తాళం వేసుకుపోయారన్నమాట' అన్నాడు. ఇప్పుడు ఇంటింటికీ అదే మాట. పోలీసులకి చెబుతారట."

తను నోరు మూసుకుంటే ఈ గాలిమాట దానంతటదే పోతుందనుకుంది ఆమె. పోలేదు సరికదా, ముదురుతోంది.

మెట్లు తుడిచే ఆవిడ చీపురు గోడకానించి లోపలికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నన్నే అంటన్నారు చిన్న టీచరూ. ఇదివరకు పిల్లని కట్టేసేదాన్ని కదా, నేనే వదిలేసి పోయుంటానంట. నా కూతురు నిన్న బస్టాపులో నా పక్కనే ఉంది. మీ చెయ్యి కోసం ఎతికి ఎతికి, అసలు బస్సే ఎక్కలేదు. ఆ బెంచీ మీదే కూచున్నాం ఇద్దరం." ముక్కు తుడుచుకుంది. "ఈ గది పోతే ఏం చెయ్యాలమ్మా? పనికి పోవద్దా? మళ్లీ ఆ మంచం కోడుకి చున్నీతో కట్టేసి తాళం పెట్టుకుని పోవాల్సిందే. అప్పట్లో సాయంత్రం వచ్చేసరికి దాని మణికట్టు ఎట్టుండేదో మీకు తెలీదు."

గిరగిర మూలన మూత తిప్పుతోంది. ఆ మణికట్టు మీద పాత చార ఒకటి ఉంది. ఎన్నిసార్లు చూసిందో ఆమె. గాజు గీసుకుందేమో అనుకుంది ఇన్నాళ్లూ.

చెప్పేయాలి. ఇప్పుడే చెప్పేయాలి. నోరు తెరిచింది కూడా. కానీ చెబితే? కోడలికి మతి చెడిందని ఇంట్లో తెలుస్తుంది. ఆ పిల్లల వల్లే చెడిందంటారు. ముందు ఈ గుమ్మం తొక్కనివ్వరు. పుట్టింటికి ఫోను వెళుతుంది. అమ్మ 'ఏం చేశావే' అని ఏడుస్తుంది. అతను... అతను మళ్లీ ఎప్పుడైనా నవ్వుతూ పిచ్చిమొహమా అనగలడా? చెప్పకపోతే గిరగిరకి మంచం కోడు. చెబితే తనకి. చున్నీ ఒక్కటే తేడా. ఆమె తెరిచిన నోరు మూసుకుని, నేలమీద పడ్డ గరుకు ముక్కని ఏరి బుట్టలో వేసింది.

ఆదివారం పొద్దున్న అతను అద్దం ముందు గడ్డం గీసుకుంటుంటే తలుపు దగ్గరగా వేసి, పక్కన నిలబడింది. మొహమంతా నురగతో అతను ఎప్పుడూ ముద్దొస్తాడు. ముక్కు మీద కాస్త నురగ పూయడం రోజూ ఆమె పని. ఆవేళ చెయ్యి లేవలేదు.

"నేను అరిచాననుకో..." అంది.

"దేనికి? బొద్దింక కనబడిందా?"

"ఊరికే."

"ఊరికే ఎవరైనా అరుస్తారా పిచ్చి..." అంటూ అద్దంలో ఆమె మొహం చూశాడు. కత్తి చెంప మీద ఆగింది. "ఈ మాట ఇంకెక్కడా అనకు."

"ఆ గది తీసేస్తారు."

"చూడూ, అమ్మ చెవిన పడితే నిన్ను బడికి పంపదు సరికదా, ఏ డాక్టరుకో చూపించమంటుంది. నాన్నగారికి నలుగురిలో తలకొట్టేసినట్టవుతుంది. నీకెందుకు, మీటింగులో నేను చూసుకుంటాగా. నువ్వు నోరు మెదపకు. సరేనా?"

సరేనంది. అతను చూసుకుంటాడు. ఆ మాట అతను అంటే ఎంత హాయిగా ఉంటుందో! ఆ రోజంతా ఆమె ఆ మాటనే పట్టుకుని వేలాడింది. కుర్చీలు తుడిచింది, కప్పులు కడిగింది, బిస్కెట్లు పళ్లాల్లో గుండ్రంగా పేర్చింది. పేర్చినవి బాగున్నాయని కాసేపు మురిసింది కూడా.

సాయంత్రానికి హాలు నిండింది. మామగారు ఈ అపార్ట్‌మెంట్ల సంఘానికి ప్రెసిడెంటు. కాబట్టి మధ్య సోఫా ఆయనది. ఒకపక్క ఇంజినీరుగారు, ఒకపక్క బట్టల కొట్టాయన, ఎదురుగా డాక్టరుగారి భార్య. ఆవిడ కాలేజీలో లెక్కలు చెబుతుంది, అయినా ఇక్కడ అందరికీ డాక్టరుగారి భార్యే. పై అంతస్తు పెద్దాయన కాళ్ల నొప్పులవల్ల రాలేనని, అందరూ ఏం నిర్ణయిస్తే అదే తన మాటనీ ఫోనులో చెప్పాడు. టీచరమ్మని పిలవలేదు. బడివాళ్లు సంఘంలో సభ్యులు కారు కదా.

ఆమె ట్రే పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. ట్రేలో కప్పులు ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నాయి.

"జాలి వేరు, పద్ధతి వేరండీ" అంటున్నారు మామగారు. "పాపం పిల్లలు, నేను కాదనను. కానీ పసివాణ్ణి లోపల వదిలేసి తాళం వేసుకుపోతే రేపు జరగరానిది జరిగితే, ఎవరి పీకకి చుట్టుకుంటుంది?"

"నా పీకకీ మీ పీకకీ" అన్నాడు బట్టల కొట్టాయన. "ఇంతకీ ఆ గదిలో నా సరుకు పెట్టుకోడానికి ఎవరికీ అభ్యంతరం లేదుగా?"

"మీ సరుకు తర్వాతండీ బాబూ!" అన్నారు ఇంజినీరుగారు. "గురువారం నేను చెవులారా విన్నాను. అది మామూలు అరుపు కాదు. నాకు చేతిలో కాఫీ ఒలికింది. పోలీసు కంప్లైంటు కూడా ఇద్దామంటాను."

"ఆ మెట్లు తుడిచే మనిషిని ముందు మాన్పించాలి" అన్నారు అత్తగారు, గుమ్మం పక్క కుర్చీలోంచి.

ఆమె అతని వైపు చూసింది. అతను చూసుకుంటానన్నాడు. అతను కిటికీ వైపు చూస్తున్నాడు.

"సరే, గది ఖాళీ చేయించడానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి" అన్నారు మామగారు.

చేతులు లేచాయి. డాక్టరుగారి భార్య చెయ్యి కాస్త ఆలస్యంగా లేచింది. అందరికంటే ఆఖర్న అతని చెయ్యి లేచింది, మోచెయ్యి మాత్రం సోఫాకి ఆనించే ఉంచి. ఆ చొక్కా చేతి మడత తను గురువారం ఇస్త్రీ చేసిందే. ఎక్కడా ఒక్క ముడత లేదు.

ఆమెకి కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. ఇప్పుడు పడిపోతే బావుణ్ణు అనుకుంది. పడిపోతే ఎవరైనా నీళ్లు చల్లుతారు, మంచం మీద పడుకోబెడతారు, మాట్లాడక్కర్లేదు. కాళ్లు మాత్రం పడనివ్వలేదు. ముందుకి నడిచాయి.

"ఆ కేక నాదండీ" అంది. గొంతు గాలిలా వచ్చింది.

"అబ్బే, కేకులవీ ఎందుకమ్మా" అన్నారు ఇంజినీరుగారు ట్రే వైపు చూసి. "ఈ బిస్కెట్లు చాలు."

ఎవరో నవ్వారు. ఆమెకి కూడా నవ్వొచ్చింది, భయంలోనే. ఆ నవ్వుకి గొంతు కాస్త తెరుచుకుంది.

"కేకు కాదండీ. గురువారం మధ్యాహ్నం అరిచింది పిల్లలు కాదు. నేను. మా వెనక బాల్కనీలోంచి."

మొదట తేరుకున్నది మామగారు. చిన్నపిల్ల చిలిపితనం చూసినట్టుగా నవ్వారు. "మా కోడలికి ఆ పిల్లలంటే ప్రాణమండీ. వాళ్ల మీదికి మాట రాకుండా తన మీద వేసుకుంటోంది."

"అవునండీ, సరదాకి అంటోంది" అన్నాడు అతను గబుక్కున లేచి. "లోపలికి పదవే, టీ చల్లారిపోతుంది."

"నువ్వుండు" అంది ఆమె.

హాల్లో, అందరి ముందూ. అన్నాక గానీ తెలియలేదు. అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. కోడలు కేక పెట్టిందన్నప్పుడు కూడా ఆవిడ మొహం అంతలా మారలేదు. ఆమెకి చెవుల్లోంచి ఆవిర్లు వస్తున్నట్టుంది. వెనక్కి తీసుకుందామా అనుకుంది. ఆ మాట మాత్రం అప్పటికే హాలంతా తిరిగి, ఒక కుర్చీ చూసుకుని కూర్చుంది.

"చూడమ్మా" అన్నారు ఇంజినీరుగారు, ఓపిక పట్టి. "నేను విన్నాను కాబట్టి చెబుతున్నా. అది మనిషి తెలివిలో ఉండి పెట్టే కేక కాదు. నీలాంటి పిల్ల గొంతులోంచి వచ్చేదీ కాదు. పెద్దవాళ్ల మాటల మధ్యకి రాకు."

అంటే వీళ్లు నమ్మరు. నిజం చెప్పడానికి ఇంత చచ్చిపోతే, అది చెల్లలేదు. లోపలికి వెళ్లిపోవచ్చు. చెప్పాను, నమ్మలేదు, నేనేం చెయ్యను అని టీచరమ్మతో అనొచ్చు. వెనక తలుపు బార్లా తెరిచే ఉంది. ఆమె ఒళ్లంతా ఆ తలుపు వైపే లాగుతోంది. అరచేతులు చెమటకి జారుతున్నాయి. ట్రే వదిలేస్తానేమోనని భయపడి, దాన్ని మెల్లగా మామగారి ముందున్న బల్ల మీద పెట్టింది. ఖాళీ అయిన చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక రెండు పిడికిళ్లు బిగించి పొట్ట మీద పెట్టుకుంది. కళ్లు మూసుకుంది.

గురువారం ఆ కేక దానంతటది వచ్చింది. ఈసారి తనే వెళ్లి తెచ్చుకోవాలి. రాదేమోననిపించింది. వచ్చింది.

ఆమె కళ్లు తెరిచేసరికి డాక్టరుగారి భార్య ఒళ్లో టీ ఒలికి ఉంది. బట్టల కొట్టాయన సోఫా చివరికి జరిగిపోయాడు. కింద ఎక్కడో కుక్కలు మొరుగుతున్నాయి. మామగారి ఫోను బల్ల మీద గిలగిల కొట్టుకుంటూ మోగుతోంది. ఆయన కంగారులో ఏది నొక్కారో, గొంతు హాలంతా వినబడింది. పై అంతస్తు పెద్దాయన.

"విన్నారా? విన్నారా ప్రెసిడెంటుగారూ! మళ్లీ అదే కేక, అచ్చం గురువారంనాటిదే! ఆదివారం పూట కూడా ఆ పిల్లలని తెచ్చి పెట్టారా? మీరంతా అక్కడ టీలు తాగుతూ కూర్చుంటారేంటండీ, వెంటనే ఖాళీ చేయించండి!"

మామగారు ఫోను పెట్టేశారు. ఇంజినీరుగారు చెవి రుద్దుకుని, "అదే" అన్నారు, ఎవరితోనో కాదు. "అదేనండీ."

"అయితే నా చెయ్యి దించేస్తున్నాను" అంది డాక్టరుగారి భార్య, చేతిరుమాలుతో ఒళ్లు తుడుచుకుంటూ. "మిగతావాళ్ల సంగతి మిగతావాళ్లు చూసుకోండి. ఆ పిల్లల మీద ఇంకేమైనా ఫిర్యాదుందా? నాకైతే కనబడటం లేదు."

బట్టల కొట్టాయన ఏదో అనబోయి, ఆమె పిడికిళ్ల వైపు చూసి, మానుకున్నాడు. మామగారు గొంతు సవరించుకున్నారు. "ఆ గది మాట ఇంక ఎత్తక్కర్లేదు" అన్నారు. తర్వాత తలెత్తి ఆమె వైపు చూశారు. కోపం కాదు. ఆయన మొహంలో ఉన్నది భయం. ఇన్నాళ్లూ తనొక్కతే భయపడుతున్నాననుకుంది ఆమె.

"ఏం తక్కువైందమ్మా నీకు మా ఇంట్లో?" అన్నారు.

అతను కిటికీ దగ్గర, ఎత్తిన చెయ్యి ఎప్పుడు దించాడో, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడి ఉన్నాడు. అత్తగారు తల వంచుకుని తన అరచేతులవైపే చూసుకుంటున్నారు. రేపు వీళ్లు తనని డాక్టరుకి చూపిస్తారేమో. అమ్మకి ఫోను చేస్తారేమో. చేయనీ. ఆ హాల్లో ఎప్పుడూ నిలబడటమే తప్ప ఆమె కూర్చున్నది లేదు. ఒక కుర్చీ లాక్కుంది. కూర్చుంది.

"తక్కువేమీ కాలేదు మామయ్యగారూ, ఎక్కువైంది" అంది. "ఏమేం ఎక్కువైందో చెబుతాను, కాస్త టైము పడుతుంది. ఆ టీలన్నీ చల్లారిపోయుంటాయి, ఈలోగా ఎవరైనా మళ్లీ పెట్టండి. నాక్కూడా."